వారానికి 9 గంటలన్నారు, నాకు 19 పట్టాయి

ఖాతాలు చూసే ఉద్యోగం నాది, అందుకే ముందు లెక్క చెబుతాను. మానసిక చికిత్సకు చేరేటప్పుడు నా చేతికిచ్చిన కాగితంలో వారానికి 3 రోజులు, రోజుకు 3 గంటలు, మొత్తం 10 వారాలు అని ఉంది. ఆఫీసు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని అమ్మ... వీటి మధ్య 9 గంటలు ఎలాగో ఇరికించవచ్చనుకున్నాను. రానుపోను ప్రయాణానికి వారానికి నాలుగున్నర గంటలు పోయాయి. ఇంట్లో చేయమని ఇచ్చే అభ్యాసాలకు రోజూ 20 నిమిషాలు. వీటికి తోడు ప్రతి సెషన్ తర్వాత దేనికీ పనికిరాకుండా పోయే ఒక గంట. అన్నీ కూడితే దాదాపు 19. అది పూర్తయి ఏడాదిన్నర అయింది. ఎవరైనా అడిగితే ఇప్పటికీ చేరమనే చెబుతాను, కాకపోతే ఆ 19 గంటలు ఎక్కడినుంచి తెస్తారో ముందే చూసుకోమంటాను.

నేను చేరింది ఇంటెన్సివ్ అవుట్‌పేషెంట్ చికిత్సలో. అంటే ఆసుపత్రిలో పడక తీసుకోనక్కర్లేదు, అలాగని వారానికో గంట కౌన్సెలింగుతో సరిపెట్టేదీ కాదు. అంతకుముందు నాకు ఆరు నెలలు వారం వారం కౌన్సెలింగ్ నడిచింది. గురువారం మాట్లాడుకున్నది సోమవారానికి ఆవిరైపోయేది. గడిచిన రెండు వారాలు ఎలా ఉన్నారో అడిగే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది. ప్రశ్నకు 0 నుంచి 3 వరకు, మొత్తం 27. 20 నుంచి తీవ్రమైన కుంగుబాటు కింద లెక్క. నాకు 18 వచ్చింది. ఇంకా రెండు తక్కువే కదా, బండి లాగవచ్చు అనుకున్నాను. అదీ నా తెలివి!

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి నేను 0 వేయలేదు. అందుకే మొదటి రోజే నాతో ఒక పేజీ రాయించారు. పరిస్థితి చేయిదాటుతోందని చెప్పే గుర్తులు, అప్పుడు ఒంటరిగా ఉంటే చేయవలసినవి, ఫోను చేయవలసిన మనుషులు, ఇంట్లో నా చేతికి అందకుండా చూడవలసినవి అందులో ఉన్నాయి. మా ఆయన దాన్ని చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఒక నకలు ఆయన పర్సులో ఉంది, ఇంకోటి నా సంచిలో. ప్రాణానికి వెంటనే ముప్పున్న మనిషికి ఈ చికిత్స చాలదు. వాళ్లను ఆసుపత్రిలో ఉంచి చూడాల్సిందే. ఈ మాట మాకు మొదటి గంటలోనే నిర్మొహమాటంగా చెప్పారు.

సెషన్లలో బృందంగా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం, ఎనిమిది మందిమి. అక్కడ విన్నది గడప దాటకూడదని నియమం కాబట్టి నా సంగతి మాత్రమే రాస్తాను. మొదటి వారం నోరు విప్పలేదు. రెండో వారంలో, ఉతికిన బట్టలు ఆరేయడానికి ఒళ్లు రాక బకెట్లోనే వదిలేశానని, వాసన వస్తే మళ్లీ ఉతికానని, అలా ఒకే బట్టలు మూడుసార్లు ఉతికి ఒక్కసారీ ఆరేయలేదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, సలహా ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆరు నెలలుగా డబ్బిచ్చి ఒక్కరికి చెప్పుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నేర్పినవాటిలో అన్నీ నాకు అతకలేదు. కళ్లు మూసుకుని శ్వాస గమనించమంటే నెలాఖరు లెక్కలే కనిపించేవి. కానీ మనసు కుదిరాక పని చేద్దామని ఆగకుండా చిన్న పని మొదలుపెడితే మనసే వెనకాల వస్తుందన్నది పనిచేసింది. అయితే పనిని బాగా చిన్నది చేయాలి. బట్టలు ఆరేయడం కాదు, ఒక్క చొక్కా ఆరేయడం. ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ అనే చికిత్స పద్ధతిలోని చన్నీళ్ల ఉపాయం కూడా అక్కరకొచ్చింది. ఊపిరి బిగపట్టి కొన్ని క్షణాలు ముఖాన్ని చల్లటి నీటిలో ముంచితే గుండె వేగం నెమ్మదిస్తుంది. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా చేయవద్దన్నారు. ఆఫీసు వాష్‌బేసిన్‌లో అది చేసి, తడిసిన ముంగురులతో సమావేశానికి వెళ్లి కూర్చున్న రోజులున్నాయి. ఎండ ఎక్కువగా ఉందని చెప్పేదాన్ని.

మందుల విషయంలో నాకు లాభమే జరిగింది. కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు సరిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కడుపులో వికారం, నిద్ర చెడటం మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. నెలకోసారి డాక్టరును చూసే రోజుల్లో అయితే నేనే మానేసి ఉండేదాన్ని. ఇక్కడ రెండో రోజే చెప్పగలిగాను, రాత్రి మాత్రను ఉదయానికి మార్చారు.

ఇక పనికిరాని ఆ గంట సంగతి. నేను సాయంత్రం బ్యాచ్‌లో చేరాను. నాన్న పోయిన రోజుల్ని మూడు గంటలు తవ్వుకుని ఇంటికి వస్తే, చెప్పులు విప్పకముందే పాప పుస్తకం చాచి "అమ్మా, సంతకం" అంది. ఇల్లు అదిరేలా అరిచాను. మర్నాటి సెషన్‌లో నాతో ఆ అరుపును వెనక్కి నడిపించారు. మధ్యాహ్నం తినలేదు, దారంతా ఏడుపు బిగబట్టాను, తలుపు తీయగానే దీపాల వెలుగు, గోల, ఆ తర్వాత పాప. ఇన్ని లంకెల్లో చివరిది మాత్రమే మా పాప. ఆ రోజు నుంచి సెషన్ అయ్యాక మా మెట్ల మీద 20 నిమిషాలు కూర్చునేదాన్ని. మెట్ల మీద ఉన్నంతసేపు అమ్మ ఇంకా రానట్లే అని పిల్లలకు చెప్పాం. చిన్నవాడు తలుపు సందులోంచి చూసి "ఇంకా రాలేదు" అని లోపలికి కబురు చేరవేసేవాడు.

లోపాలూ ఉన్నాయి. ఆరో వారంలో నా థెరపిస్టు మారిపోయారు, కథంతా కొత్త మనిషికి మొదటినుంచి చెప్పాను. బాబుకు జ్వరమొచ్చి రెండు సెషన్లు పోతే, మూడోది పోతే పేరు తీసేస్తామన్నారు. మన బాధ్యతల పక్కన నడిచే చికిత్స అని చెప్పుకునే చోట ఆ మాట నన్ను బాగా కోపానికి గురిచేసింది. ఇంకోటి, పదో వారం తర్వాత 9 గంటల నుంచి ఒక్కసారిగా వారానికి ఒక గంటకు దించారు. అప్పటికి ఆ తొమ్మిది ప్రశ్నల కాగితంలో నా స్కోరు 9. నాలుగు నెలల్లో 13కు ఎక్కింది. మళ్లీ వెళ్లి అడిగితే వారానికి రెండు రోజులు, తర్వాత ఒక రోజు ఇచ్చారు. ఇది మొదటే చేసి ఉండాల్సింది. పోయిన నెల 6 వచ్చింది.

మళ్లీ చేరాల్సి వస్తే ఉదయం బ్యాచ్ తీసుకుంటాను. ఉద్యోగానికి దెబ్బ తగలకూడదని సాయంత్రం ఎంచుకున్నాను, ఉద్యోగం నిలిచింది, పది వారాల పాటు పిల్లల సాయంత్రాలు పోయాయి. నిజానికి ఆఫీసులో వేళలు మార్చమని అడగడానికి నాకు బృందంలో మూడుసార్లు రిహార్సల్ చేయించారు. రెండుసార్లు అడగకముందే క్షమాపణ చెప్పేశాను. మూడోసారి బాగా వచ్చింది. తీరా మా మేనేజరును అడిగితే ఆయన ఫైలులోంచి తలెత్తకుండానే సరే అన్నారు, అదీ ఎనిమిదో వారంలో.