విజయనగరంలో పోలా, జిమ్మా?

కోడి రామమూర్తి నాయుడు గారు వ్యాయామశాల పెట్టిన ఊరు మనది, బరువులెత్తడం ఎవరికీ వింత కాదు. ఇంట్లో పోల్ డాన్స్ కసరత్తుకి పోల్, అంటే పట్టుకుని ఎక్కే నిలువు స్టీలు గొట్టం, బిగిస్తానంటేనే మా అత్తయ్య నోరు తెరిచారు.

ఖర్చు: జిమ్‌కి నెలనెలా ఫీజు. పోల్‌కి ఒక్కసారే పెద్ద మొత్తం, కింద వేసే మందపాటి మ్యాట్ అదనం.

చోటు: నేలకీ కప్పుకీ మధ్య బిగించే రకానికి గట్టి స్లాబ్ ఉండాలి. పెంకుటిల్లు, ఫాల్స్ సీలింగ్ అయితే మరిచిపోండి.

శ్రమ: జిమ్‌లో రెండు కిలోల డంబెల్‌తో మొదలెట్టొచ్చు. ఇక్కడ మొదటిరోజే మన బరువంతా చేతుల మీద. 45 మిల్లీమీటర్ల స్టీలు గొట్టాన్ని పట్టి ఉంచేది చర్మమే, అందుకే షార్ట్స్. మల్లఖంబం (నిలువు కర్ర స్తంభం ఎక్కి చేసే మన పాత కసరత్తు) కర్రకి ఆముదం రాస్తారు. దీనికైతే ఒంటిమీద కొబ్బరినూనె జిడ్డు కూడా పనికిరాదు. మే నెల ఉక్కలో నేను ఎక్కినదానికన్నా జారిందే ఎక్కువ. పిక్కల మీద కమిలిన మచ్చలు చూసి పనమ్మాయి, "ఎక్కడ పడిపోనారమ్మా?" అంది.

ప్రమాదం: జిమ్‌లో నడుం పట్టేయొచ్చు. పోల్ మీద తలకిందులై జారితే మెడకే ముప్పు.

భుజం నొప్పి ఉన్నవాళ్లకి, నేర్పేవాళ్లు దొరకనివాళ్లకి జిమ్మే. ట్రెడ్‌మిల్ విసుగెత్తి, దగ్గరుండి నేర్పే మనిషి దొరికితే పోల్.