మొదటి అధ్యయనానికి ఏ సువార్త మేలు?

యేసు జీవితాన్ని చెప్పే సువార్తలు నాలుగు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాలలో క్రొత్తగా చేరినవారికి "ముందు యోహాను సువార్త చదవండి" అని చెప్పడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ సలహాకు గట్టి కారణాలే ఉన్నాయి. అయినా భక్తితో రోజుకొక అధ్యాయం చదువుకోవడం వేరు, కలం చేతబట్టి ఒక పుస్తకాన్ని మొదటి నుండి చివరి వరకు అధ్యయనం చేయడం వేరు. ఇక్కడ తూచి చూస్తున్నది రెండవదాన్ని. క్రొత్తవారు అనే మాటలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల నుండి ఉద్యోగానికి వచ్చి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా హాస్టళ్లలో ఉంటున్న యువతీయువకులు, పెళ్లితో క్రైస్తవ కుటుంబంలో అడుగుపెట్టినవారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో ఇంగ్లీషో నేర్చిన ఈ ఊరి పిల్లలు అందరూ వస్తారు. వీరిలో ఎక్కువమందికి మార్కు సువార్తతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. కొందరికి మాత్రం లూకా మేలు. యోహాను సువార్తను రెండవ లేదా మూడవ స్థానంలో ఉంచమని ఎందుకంటున్నానో ముందుగా చెప్పడం న్యాయం.

యోహాను తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. యేసు దేవుని కుమారుడైన క్రీస్తని చదివేవారు నమ్మాలనీ, నమ్మి జీవం పొందాలనీ ఈ సంగతులు వ్రాశానని 20వ అధ్యాయం 31వ వచనంలో స్పష్టంగా చెప్పాడు. నీకొదేముతో రాత్రివేళ జరిగిన సంభాషణ, బావి దగ్గర సమరయ స్త్రీతో మాటలు, పుట్టు గుడ్డివాని మీద జరిగిన విచారణ మొదలైన ఘట్టాలలో ఒక్కొక్క మనిషితో యేసు మాట్లాడే తీరు చదువరిని పట్టి నిలుపుతుంది. మాటలు కూడా తేలికైనవే: వెలుగు, జీవం, నీళ్లు, రొట్టె, కాపరి. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. ఈ గ్రంథకర్త తన చదువరులకు కథ ముందే తెలుసునన్నట్లు వ్రాస్తాడు. 3:24లో బాప్తిస్మమిచ్చు యోహాను అప్పటికి ఇంకా చెరసాలలో వేయబడలేదని అంటాడు గానీ, అతడు ఎందుకు చెరపట్టబడ్డాడో ఈ సువార్తలో ఎక్కడా కనిపించదు. 11:2లో లాజరు సహోదరి మరియను ప్రభువుకు అత్తరు పూసిన స్త్రీగా పరిచయం చేస్తాడు, కాని ఆ అత్తరు సంగతి 12వ అధ్యాయం దాకా రాదు. పన్నెండుగురు శిష్యుల ఏర్పాటును చెప్పకుండానే 6:67లో "పన్నెండుగురు" అంటాడు. కథ తెలిసినవారికి ఇవి ఇబ్బంది పెట్టవు. తెలియనివారు మాత్రం తమకే ఏదో అర్థం కాలేదనుకొని తికమకపడతారు.

మరొక చిక్కు ప్రత్యేకంగా మన తెలుగువారిది. హిందూ కుటుంబంలో పెరిగినవారు "ఆదియందు వాక్యముండెను" అన్న మాట వినగానే శబ్దబ్రహ్మాన్నీ, "వాక్యము శరీరధారియై" అనగానే అవతారాన్నీ తలచుకోవడం సహజం. ఆ పోలికతో మొదటి పద్దెనిమిది వచనాలూ అర్థమైనట్లే అనిపించి, పుస్తకం ఏమంటున్నదో విచారించే అవసరమే తోచదు. దీనికితోడు, యేసును ఎదిరించినవారిని ఈ సువార్త పలుచోట్ల కేవలం "యూదులు" అంటుంది గనుక, యేసూ ఆయన శిష్యులూ యూదులేనన్న సంగతి గ్రహింపుకు రాకముందే ఒక జాతి మీద తప్పు అభిప్రాయం ఏర్పడే ప్రమాదమూ ఉంది. దేవాలయంలో వ్యాపారులను వెళ్లగొట్టిన సంఘటనను మిగిలిన ముగ్గురూ చివరి వారంలో చెప్పగా యోహాను 2వ అధ్యాయంలోనే చెప్పడం కూడా మొదటిసారి చదివేవారికి కాలక్రమాన్ని చిక్కుపరుస్తుంది.

అయితే చెన్నైవాసులకు యోహాను మీద ఒక ప్రత్యేకమైన మమకారం ఉండవచ్చునని ఒప్పుకోవాలి. సెయింట్ థామస్ మౌంట్, శాంథోమ్ అనే పేర్లు వినని చెన్నైవాసి ఉండడు. ఆ రెండు పేర్లూ యేసు శిష్యుడు తోమావే. ఆ తోమా మిగిలిన మూడు సువార్తలలో శిష్యుల పట్టికలో ఒక పేరు మాత్రమే. అతడు నోరు విప్పి మాట్లాడేదీ, సందేహించేదీ, "నా ప్రభువా, నా దేవా" అనేదీ యోహానులోనే. ఆ కొండ మెట్లెక్కి వచ్చి, తోమా కథ తెలుసుకోవాలని పుస్తకం తెరిచేవారిని మార్కు దగ్గరకు పంపడం మూర్ఖత్వమే అవుతుంది. వారు 11, 14, 20 అధ్యాయాలను ముందుగా చదువుకోవచ్చు.

ఇక మార్కు. 16 అధ్యాయాలతో నాలుగింటిలో ఇదే చిన్నది. గట్టిగా చదివినా సుమారు గంటన్నరలో పూర్తవుతుంది కాబట్టి, అధ్యయనం మొదలుపెట్టే ముందు ఒకే బైఠకులో మొత్తం చదివి పుస్తకం ఆకారాన్ని మనసులో నిలుపుకోవడం సాధ్యపడుతుంది. నేటి పండితులలో అధిక సంఖ్యాకులు దీన్నే మొదట వ్రాయబడిన సువార్తగా, మత్తయికీ లూకాకూ ఆధారంగా భావిస్తారు. మార్కులోని విషయంలో చాలా భాగం మత్తయిలో మళ్లీ కనిపిస్తుంది గనుక, దీని మీద పెట్టిన శ్రమ తరువాతి చదువులో వృథా పోదు. పైగా ఇది యూదుల ఆచారాలు తెలియనివారిని దృష్టిలో ఉంచుకొని వ్రాసిన పుస్తకమన్న గుర్తులు లోపలే ఉన్నాయి. భోజనానికి ముందు చేతులు కడుగుకొనే ఆచారాన్ని 7వ అధ్యాయంలో ఆగి వివరిస్తాడు. "తలీతాకుమీ", "ఎప్ఫతా" అనే అరమేయిక మాటలకు అర్థం చెప్పి గానీ ముందుకు సాగడు. మనబోటివారికి ఇంతకంటే అనుకూలమైన గ్రంథకర్త దొరకడం కష్టం.

వీటన్నిటికంటే ముఖ్యంగా, వచనాన్ని గమనించి చదవడం ఎలాగో మార్కు నేర్పుతాడు. 5వ అధ్యాయాన్ని చూడండి. యూదుల ప్రార్థనాస్థలమైన సమాజమందిరానికి అధికారి యాయీరు తన చిన్న కుమార్తె చావుబ్రతుకులలో ఉందని బ్రతిమాలితే యేసు బయలుదేరుతాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనుక నుండి వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టుకుంటుంది. ఆయన ఆగుతాడు, ఆమెతో మాట్లాడుతాడు, ఈలోగా అమ్మాయి చనిపోయిందన్న కబురు వస్తుంది. కథ తిరిగి యాయీరు ఇంటికి చేరి, అమ్మాయి లేచి నడిచిన తరువాత, ఆమె వయసు పన్నెండేళ్లని మార్కు తాపీగా చెబుతాడు. ఒక కథను మరొక కథ మధ్యలో ఎందుకు పెట్టాడు? ఆ రెండు పన్నెండులనూ ఎందుకు చెప్పాడు? సమాజమందిరపు అధికారి, ఎవరూ ముట్టుకోని స్త్రీ ఒకే విధంగా ఆయన ఎదుట సాగిలపడడంలో ఏముంది? క్రొత్తవారు ఏ వ్యాఖ్యానమూ లేకుండానే ఈ ప్రశ్నలు వేసుకోగలరు. 11వ అధ్యాయంలో అంజూరపు చెట్టు, దేవాలయం, మళ్లీ అంజూరపు చెట్టు అనే వరుస ఎదురయ్యేసరికి ఆ కన్ను అలవాటై ఉంటుంది.

పుస్తకం నడుమ, 8:29 దగ్గర, "నీవు క్రీస్తువు" అని పేతురు అంటాడు. అంతవరకు ప్రశ్న ఈయన ఎవరన్నది, అక్కడి నుండి ప్రయాణం సిలువ వైపు. మూడుసార్లు యేసు తన మరణాన్ని ముందుగా చెప్పడం, మూడుసార్లూ శిష్యులు అపార్థం చేసుకోవడం 8, 9, 10 అధ్యాయాలలో వరుసగా వస్తాయి. ఆ భాగానికి ముందు బేత్సయిదాలో రెండు విడతలుగా చూపు వచ్చిన గుడ్డివాడు, చివర యెరికో దారిలో బర్తిమయి. ఇంత చక్కని కూర్పు ఉన్న పుస్తకాన్ని చిన్నదన్న కారణంతో చులకన చేయడం నాకు సబబుగా తోచదు.

లోపాలు లేవా? ఉన్నాయి. యేసు జననం ఇందులో లేదు, పరలోక ప్రార్థన లేదు, ఉపదేశం తక్కువ. ఉపమానాలు బయటివారికి గ్రహింపు కాకుండేటట్లు చెప్పబడ్డాయన్న 4:11-12 మొదటి నెలలోనే గొంతులో వెలక్కాయలా అడ్డుపడుతుంది. అతి ప్రాచీనమైన సైనాయ్, వాటికన్ ప్రతులలో పుస్తకం 16:8తో, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతో ముగుస్తుంది, 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు వాటిలో లేవు. ఈ సంగతిని క్రొత్తవారి నుండి దాచకుండా మొదటే చెప్పడం మంచిది. యోహాను 7:53 నుండి 8:11 వరకు కూడా ఇదే పరిస్థితి కాబట్టి, దీన్ని మార్కు ఒక్కడి లోపంగా లెక్కించడానికి వీల్లేదు.

లూకా ఎవరికి మేలు? "ఆయన ఏం బోధించాడు?" అన్నది మొదటి ప్రశ్నగా గలవారికి, ఇంటిల్లిపాదీ కలిసి చదువుకొనేవారికి. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు, ధనవంతుడు లాజరు, పరిసయ్యుడు సుంకరి, ఈ ఉపమానాలన్నీ లూకాలో తప్ప మరెక్కడా లేవు. మరియ గీతం, గొర్రెల కాపరులు, జక్కయ్య, ఎమ్మాయు దారి కూడా అంతే. ఆదినుండి అన్నిటినీ తరచి విచారించి వరుసగా వ్రాస్తున్నానని థెయొఫిలుకు చెప్పుకొన్న ఈ రచయిత, కథను అపొస్తలుల కార్యములలో కొనసాగించాడు గనుక తరువాత ఏం చదవాలన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. కాని మొదటి అధ్యాయమే 80 వచనాలు. 9:51 నుండి 19వ అధ్యాయం వరకు సాగే యెరూషలేము ప్రయాణంలో దారి ఎటు పోతున్నదో తెలియక, వారానికొకసారి కూడే బృందాలు సడలిపోయే అవకాశం ఎక్కువ. నడిపించే మనిషి అనుభవజ్ఞుడైతే లూకా, ఎవరికి వారే చదువుకొనేటట్లయితే మార్కు.

మత్తయి గురించి క్లుప్తంగా చెబితే చాలు. క్రొత్త నిబంధనలో మొదట ఉండడం చేతనే చాలామంది అక్కడ మొదలుపెట్టి, వంశావళిలోనే ఆగిపోతారు. ప్రవక్తల మాట నెరవేరిందని పదేపదే చెప్పే ఈ సువార్త రుచి, పాత నిబంధన కొంతైనా తెలిస్తేనే పూర్తిగా అందుతుంది. 5, 6, 7 అధ్యాయాల కొండమీది ప్రసంగం మాత్రం ఎవరైనా ఎప్పుడైనా విడిగా చదువుకోదగినది, గాంధీగారు నేరుగా హృదయానికి తాకిందని చెప్పినది దీన్నే. కతోలిక ఆలయాలకు వెళ్లేవారికి ఇంకొక వీలుంది: ఆదివారపు పూజలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడేళ్ల చక్రంలో వరుసగా చదవబడతాయి. సంవత్సరాన్ని 3తో భాగిస్తే శేషం 1 వస్తే మత్తయి, 2 వస్తే మార్కు, శేషం లేకపోతే లూకా. ఆ లెక్కన 2026 మత్తయి సంవత్సరం. పూజలో వినేదాన్నే వారమంతా అధ్యయనం చేసుకోగలిగితే, నా ఓటును ప్రక్కనపెట్టి మత్తయితో మొదలుపెట్టడంలో తప్పులేదు.

భాష విషయం చివరిది. మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంది. బడిలో తెలుగు చదవని పిల్లలకు "వచ్చెను, పోయిరి" అన్న క్రియలతో యోహానులోని దీర్ఘ సంభాషణలు, ముఖ్యంగా 13 నుండి 17 వరకు, మోయలేని బరువు. మార్కులోని పొట్టి సంఘటనలలో జరుగుతున్న పనిని బట్టే అర్థం తెలిసిపోతుంది. ఒకరు తెలుగులో గట్టిగా చదువుతుండగా మిగిలినవారు తమిళ లేదా ఇంగ్లీషు పాఠాన్ని చూస్తూ అనుసరించడం, తరువాత ఆ ఘట్టాన్ని ఒకరు తమ మాటలలో తెలుగులో చెప్పడం అనే పద్ధతి వీరికి బాగా పనికివస్తుంది. వారానికొక అధ్యాయం చొప్పున మార్కు నాలుగు నెలలలో పూర్తవుతుంది. ఆ తరువాత యోహాను చేతికిస్తే 3:24 దగ్గర ఎవరూ తడబడరు.