పిల్లులకు ఇల్లు వెతికిపెట్టే వాలంటీర్లు: మల్కాజిగిరి నుంచి మా అనుభవం

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు మార్చి నెలాఖరున ఇల్లు ఖాళీ చేశారు. సామానంతా లారీ ఎక్కించారు, పెంచుకున్న పిల్లిని మాత్రం వదిలేసి వెళ్లారు. మూడు రోజులు అది తాళం వేసిన ఆ తలుపు ముందే కూర్చుంది. లిఫ్ట్ ఆగిన ప్రతిసారీ లేచి నిలబడేది, దిగినవాళ్ల మొహం చూసేది, మళ్లీ వెళ్లి గుమ్మం ముందున్న పట్టా మీద ముడుచుకునేది. నాలుగో రోజు సెల్లార్‌లోకి దిగిపోయింది. అది కడుపుతో ఉందని మాకెవరికీ తెలియదు, జనరేటర్ వెనకున్న పాత అట్టపెట్టెలో నాలుగు కూనలు పెట్టాకే తెలిసింది.

ఈ రివ్యూ మాకు సాయం చేసిన వాలంటీర్ల గురించి. పేరు, ఫోన్ నంబరు పెట్టడం లేదు. పెడితే తెల్లారేసరికి వాళ్ల గేటు ముందు కూనలతో అట్టపెట్టెలు ఉంటాయి, ఇదివరకు అలాగే జరిగిందట. మీ దగ్గర్లో పిల్లుల్ని చూసే పశువైద్యుడిని అడగండి, ఇలాంటి వాళ్లు ఎక్కడున్నారో ఆయనకు తెలిసే ఉంటుంది.

ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. పిల్లలు ముచ్చటపడి కూనల్ని చేతుల్లోకి తీసుకుని ఆడించారు, ఎవరో ప్యాకెట్ పాలు పట్టించారు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తల్లి వాటిని నోట కరుచుకుని అటూ ఇటూ మార్చింది, ఈలోగా ఒకదానికి విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో చనిపోయింది. ఆవుపాలు, గేదెపాలు కూనలకు అరగవని నాకు అప్పుడే తెలిసింది. అసలు తల్లి దగ్గరుంటే మనం ముట్టుకోనక్కర్లేదు. తల్లికి కడుపునిండా తిండి, నీళ్లు పెడితే కూనల సంగతి అదే చూసుకుంటుంది.

వాలంటీర్లకు మెసేజ్ పెట్టిన రెండు రోజులకు జవాబొచ్చింది. ఆ రెండు రోజులూ నాకు టెన్షనే, ఇది వాళ్ల వైపు లోటే, కానీ తర్వాత తెలిసింది ఆ పనంతా ఆరుగురు ఉద్యోగాలు చేసుకుంటూ చూస్తున్నారని. వచ్చిన అమ్మాయి కూనల్ని తీసుకెళ్లిపోతుందనుకున్నాం, ఆమె తీసుకెళ్లలేదు. "ఆంటీ, షెల్టర్‌కి పంపితే వీటికి ప్రమాదం. టీకా పడని కూనల్ని పది పిల్లుల మధ్య వేస్తే పార్వో లాంటి జబ్బు అంటుకుంటుంది, ఒకదానికొస్తే అన్నిటికీ వస్తుంది. మీ దగ్గరే ఉంచండి, ఎలా చూడాలో మేం చెప్తాం" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది, సాయం అడిగితే పని మన మీదే పెడుతోందేంటి అనిపించింది. ఇప్పుడు చూస్తే ఈ సేవలో అన్నిటికంటే మంచి విషయం అదే. పిల్లి మా సెల్లార్‌లో ఉంది, మా బిల్డింగ్‌లో ఉన్నవాళ్లే వదిలేశారు, చూడాల్సింది కూడా మేమే.

ఆ రోజు ఆమె పక్కన కూర్చుని నేర్పిన పని ఇంకా కళ్లముందుంది. బూడిదరంగు కూనకు పుసులు పట్టి రెండు కళ్లూ అతుక్కుపోయాయి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, పిండి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేసి, ఇంకోటి తీసుకుని మళ్లీ తుడిచింది. నాలుగోసారికి ఎడమ కన్ను తెరుచుకుంది. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి తూచాం, 410 గ్రాములు. రోజూ అదే టైమ్‌కి తూచి ఫొటో పంపమంది, పంపాను. డాక్టర్ రాసిన చుక్కలమందు కూడా వేశాను. బరువు పెరగని రోజున రాత్రి పదకొండింటికైనా ఫోనెత్తి మాట్లాడింది.

ఎనిమిది వారాలు నిండాక మొదటి టీకా వేయించారు, తర్వాతే అడాప్షన్. కూన కావాలని వచ్చినవాళ్లను అడిగే ప్రశ్నలు కొంచెం కఠినంగా ఉంటాయి, నాకు నచ్చింది అదే. బాల్కనీకి నెట్ ఉందా, అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టమేనా అని అన్నీ అడుగుతారు, ఇల్లు కూడా వచ్చి చూస్తారు. పుట్టినరోజు కానుకగా ఇస్తామంటే ఇవ్వరు. వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని, కుదరకపోతే రోడ్డు మీద వదలకుండా తమకే తిరిగి ఇస్తామని సంతకం పెట్టించుకుంటారు. ఆ రెండో షరతు ఎంత అవసరమో మాకే తెలిసొచ్చింది. చారల కూనను తీసుకున్నవాళ్లు పది రోజులకు వద్దన్నారు, ఇంట్లో బాబుకు తుమ్ములట. ఒక్క మాట అనకుండా వెనక్కి తెచ్చి ఇంకో ఇంట్లో పెట్టారు. బూడిదది ఉప్పల్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో ఉంది.

తల్లి విషయంలో మాత్రం ఇబ్బంది పడ్డాం. పాలిస్తూనే పిల్లి మళ్లీ కడుపుతో కావచ్చు, తొమ్మిది వారాల్లో ఇంకో ఈత వచ్చేస్తుంది. అందుకే కూనలు పాలు మానగానే ఆపరేషన్ చేయించాలన్నారు. రాత్రంతా తిండి పెట్టకుండా ఉంచితే పొద్దున్నే వాళ్ల బండి రాదని ఫోన్. రెండుసార్లు ఇలాగే అయ్యింది. మూడోసారి ఆటోలో నేనే తీసుకెళ్లాను. వాళ్ల బండి మీద ఆధారపడకండి, పిల్లిని తీసుకెళ్లే బుట్ట మీరే సిద్ధం చేసుకోండి. ఖర్చు పన్నెండు ఫ్లాట్లవాళ్లం ఇంటికి 300 రూపాయల చొప్పున వేసుకున్నాం. పిల్లి సెల్లార్‌లో పెట్టిన బండ్ల సీట్లు గీరుతోందని మొదట్లో గొడవ చేసిన కింద ఫ్లాట్ పెద్దాయన కూడా ఇచ్చారు, ఆయనే సెల్లార్ స్తంభానికి గోనెసంచి చుట్టి తాడు కట్టారు. ఇప్పుడది అక్కడే గోళ్లు పదును పెట్టుకుంటోంది, జనరేటర్ పక్కన ఇసుక ట్రే పెడితే దానికీ అలవాటుపడింది. ఆపరేషన్ అయిందని గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కత్తిరించారు. వాచ్‌మన్ వాళ్లావిడ రోజూ రెండు పూటలా అన్నంలో చేప కలిపి పెడుతోంది.

వదిలేసి వెళ్లినవాళ్లకు ఫోన్ చేస్తే "పిల్లే కదా, అదే బతుకుతుంది" అన్నారు. ఇంట్లో గిన్నెలో తిండికి అలవాటుపడ్డ పిల్లికి బయట వేటాడటం రాదు, కుక్కల నుంచి తప్పించుకోవడం రాదు. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, సెక్షన్ 11లో ఉంది. కానీ మొదటిసారి దొరికితే జరిమానా 50 రూపాయలకు మించదు. మా అసోసియేషన్ ఇప్పుడు అద్దెకొచ్చేవాళ్ల ఫారంలో పెంపుడు జంతువుల వివరాలు రాయించుకుంటోంది, ఖాళీ చేసే రోజు దాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా అడుగుతోంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. జవాబు ఆలస్యానికి, బండి రానందుకు అర తగ్గించాను.

నల్లకూన ఇంకా మా ఇంట్లోనే ఉంది, నాలుగో నెల నడుస్తోంది. చూడ్డానికొచ్చిన మూడు కుటుంబాలూ రంగు చూసి వెనక్కి తగ్గాయి, నల్లపిల్లి ఎదురొస్తే మంచిది కాదట. రోజూ పొద్దున నేను తలుపు తీయగానే ఎదురొచ్చేది అదే. నిన్న బోడుప్పల్ నుంచి కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నెట్ వేయించిన బాల్కనీ ఫొటో పంపింది, ఆదివారం వస్తామన్నారు. టీకా కార్డు, అది పడుకునే పాత టవల్ సంచిలో సర్ది పెట్టాను.