హెల్ప్ డెస్క్ కోర్సు: ఆరేళ్ల ఉద్యోగం తరువాత నా సమీక్ష

శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతూ, 2018 జూన్ నుంచి 2019 మార్చి వరకు, సాయంత్రం పూట నడిచే ‘హెల్ప్ డెస్క్, కంప్యూటర్ వినియోగదారుల సహాయం’ అనే సర్టిఫికెట్ కోర్సు చేశాను. ఆ వేసవిలోనే విజయనగరంలో, బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, పాలకొండ వైపు శాఖలున్న ఒక సంస్థలో యూజర్ సపోర్ట్ ఉద్యోగం దొరికింది. నేటికీ అదే పనిలో ఉన్నాను. కోర్సు ముగిసిన వారంలో రాసే అభిప్రాయం వేరు, అక్కడ నేర్చుకున్న పనితో ఆరేళ్లకు పైగా ఇల్లు నడిపాక రాసే అభిప్రాయం వేరు. అప్పట్లో ఎవరైనా అడిగితే హార్డ్‌వేర్ ల్యాబ్‌కు నూటికి నూరు మార్కులు, టికెట్ పుస్తకానికి (వచ్చిన ప్రతి ఇబ్బందినీ, తీర్చిన తీరునూ రాసిపెట్టే పుస్తకం) సున్నా వేసి ఉండేవాణ్ని. ఇప్పుడు ఆ లెక్క తారుమారైంది. ఈ కోర్సులో చేరాలని చూస్తున్న మన జిల్లాల పిల్లలకు ఆ కారణాలు తెలియడం అవసరమని నమ్ముతున్నాను.

వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటన్నర తరగతి. డిగ్రీ ఫీజు కాక అదనంగా 1,200 రూపాయలు కట్టాం. పాఠ్యక్రమం చాలావరకు కంప్యూటర్ సహాయకులకు పెట్టే కాంప్టియా ఏ ప్లస్ పరీక్ష తీరును అనుసరించింది: మొదటి సగంలో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె), ర్యామ్, హార్డ్ డిస్క్ విప్పి బిగించడం, విండోస్ వేయడం, నెట్‌వర్క్ కేబుల్ కట్టడం, ప్రింటర్లు, రెండో సగంలో ఫోన్‌లో మాట్లాడే పద్ధతి, టికెట్ రాయడం, ప్రాధాన్యం నిర్ణయించడం, మన చేతిలో లేని సమస్యను పై స్థాయికి పంపడం.

మొదటి సగంలో నేర్చుకున్నది త్వరగా పాతబడింది. ల్యాబ్‌లో మేము చేయి తిప్పుకున్నది విండోస్ 7 మీద; నేను ఉద్యోగంలో కుదురుకునేలోపే, 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. ఆ తరువాత శాఖలన్నిటా వేసిన విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో ఆ గడువు తీరింది. పాత తరహా ఐడీఈ హార్డ్ డిస్కులకు జంపర్లు (పిన్నులకు తొడిగే చిన్న ముక్కలు) ఎలా పెట్టాలో రెండు తరగతులు చెప్పారు గానీ, అలాంటి డిస్కు నాకు ఉద్యోగంలో ఒక్కటీ ఎదురుపడలేదు. కేబుల్ కట్టడం మాత్రం ఈ రోజుకీ అన్నం పెడుతోంది. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ అని ఎక్కాల్లా వల్లె వేయించిన కేబుల్ తీగల రంగుల వరుస, 100 మీటర్లు దాటితే కేబుల్‌ను నమ్మకూడదన్న సూత్రం ఇప్పటికీ మారలేదు.

సమస్యను ఛేదించే ఆరు మెట్ల పద్ధతి కూడా అలాగే నిలిచింది. సమస్య ఏమిటో తెలుసుకోవాలి, కారణం ఏమై ఉంటుందో ఊహించాలి, ఆ ఊహను పరీక్షించాలి, ఏం చేయాలో నిర్ణయించుకుని చేయాలి, అంతా సరిగ్గా పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి, చివరికి రాసిపెట్టాలి. బోర్డు మీద చూసినప్పుడు ఇందులో నేర్చుకోవడానికి ఏముందనిపించింది. దాని విలువ తిత్లీ తుఫాను వచ్చినప్పుడు తెలిసింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ వైపు నుంచి వచ్చే సహాధ్యాయులు చాలా రోజుల వరకు తరగతికి రాలేకపోయారు. కరెంటు వచ్చి కళాశాల తెరిచాక చూస్తే ల్యాబ్‌లోని 24 కంప్యూటర్లలో ఐదు వెలగలేదు. హెచ్చుతగ్గుల కరెంటుకు ఐదూ కాలిపోయాయని మేమందరం ఒక్క మాటగా తీర్మానించేశాం. మా మేడమ్ ఒప్పుకోలేదు. ఒక్కొక్క కంప్యూటర్‌కు ఇద్దరిని కేటాయించి, ఆరు మెట్లూ ఎక్కి రమ్మన్నారు. తేలిందేమిటంటే, రెండింటికి మాత్రమే ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఒకదానికి పవర్ కేబుల్ చెడింది. మరొకదానికి గోడ సాకెట్‌లోకి చెమ్మ దిగింది. ఐదోది బాగానే ఉంది, దాని మానిటర్ తీగ ఊడి ఉంది. పరీక్షించకుండా తీర్మానించి ఉంటే బాగున్న మూడు యంత్రాలకు కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొని ఉండేవాళ్లం. ఆ సాయంత్రం నేర్చుకున్నంత పాఠం నాకు మిగిలిన ఏడాదంతా కలిపినా దొరకలేదు.

ఇక టికెట్ పుస్తకం. ల్యాబ్‌లో ఒక పాత యంత్రం మీద ఓఎస్ టికెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూపించే ముందు, రెండు నెలల పాటు ప్రతి విద్యార్థి చేతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో టికెట్లు రాయించారు. కళాశాల కార్యాలయంలో, గ్రంథాలయంలో, వేరే విభాగాల్లో ఏ చిన్న కంప్యూటర్ ఇబ్బంది వచ్చినా మేమే వెళ్లి చూసి, వచ్చి రాయాలి. నా మొదటి టికెట్ నాకింకా గుర్తుంది: ‘ఆఫీసులో ప్రింటర్ పని చేయడం లేదు. సరిచేశాను.’ పుస్తకం తిరిగి వచ్చేసరికి దాని కింద ఎర్ర సిరాతో ప్రశ్నలున్నాయి: ‘ఏ ప్రింటర్? ఎవరు చెప్పారు? ఎప్పటి నుంచి? ఏం చేస్తే సరి అయింది? రేపు నువ్వు రాకపోతే, ఇదే మళ్లీ వస్తే, నీ స్నేహితుడికి ఈ రెండు వాక్యాలు ఎందుకు పనికొస్తాయి?’

రెండోసారి రాసినప్పుడు, పరీక్ష ఫీజు రసీదుల ప్రింటర్ ఉదయం పదిన్నర నుంచి కాగితం లాగడం లేదని, ప్రింట్ వరుసలో ఒక పాత ఫైలు ఇరుక్కుపోయి ఉందని, ప్రింట్ వరుసను నడిపే ప్రింట్ స్పూలర్ సర్వీసును ఆపి, ఇరుక్కున్న ఫైళ్లు తొలగించి, మళ్లీ మొదలుపెట్టానని, మూడు రసీదులు తీసి చూపించానని రాశాను. ఎర్ర సిరా లేకుండా వచ్చిన మొదటి పేజీ అదే. అయినా, నిజం చెప్పాలంటే, అప్పట్లో ఆ రాతపని శిక్షలాగే అనిపించేది.

దాని విలువ ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది తెలిసింది. ఒక శాఖలో అప్పుడప్పుడు రెండు మూడు కంప్యూటర్లకు నెట్‌వర్క్ అందేది కాదు. ప్రతిసారీ ఎవరో ఒకరం రూటర్ ఆపి మళ్లీ వేయించేవాళ్లం, సరయ్యేది, టికెట్ మూసేవాళ్లం. తొమ్మిదో టికెట్ రాస్తున్నప్పుడు పాతవన్నీ వరుసగా పెట్టి చదివాను. తొమ్మిదీ వారంలో ఒకే రోజున వచ్చాయి. అది ఆ ఊళ్లో సంత జరిగే రోజు. ప్రతి టికెట్‌లోనూ కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే నెట్‌వర్క్ చిరునామా (ఐపీ అడ్రస్) వచ్చిందని రాసి ఉంది. అంటే రూటర్ చిరునామా ఇవ్వకపోతే విండోస్ తనకు తానే పెట్టుకున్న చిరునామా అన్నమాట. సంత రోజు ఆఫీసుకు వచ్చే జనం ఎక్కువ, సిబ్బంది మంచి మనసుతో అందరికీ వైఫై పాస్‌వర్డ్ చెబుతున్నారు, రూటర్ ఇవ్వగలిగిన 50 చిరునామాలు పదకొండు గంటలకల్లా ఫోన్లకే చెల్లిపోతున్నాయి, ఆలస్యంగా ఆన్ చేసిన కంప్యూటర్లకు ఏమీ మిగలడం లేదు. వచ్చినవారికి వేరే వైఫై పెట్టించాం. ఆ టికెట్ మళ్లీ రాలేదు. ఒక్కసారి వచ్చిన ఇబ్బందిని తీర్చడం వేరు, పదే పదే వచ్చే ఇబ్బందికి మూలాన్ని పట్టుకోవడం వేరు అని తరగతిలో చెప్పినప్పుడు నిర్వచనంగా రాసుకున్నాను. రోజు, సమయం, చిరునామా అన్నీ రాసే అలవాటు లేకపోతే ఆ మూలం నాకు ఏనాటికీ దొరికేది కాదు.

ప్రాధాన్యం నిర్ణయించే పాఠం గురించి ఎక్కువ చెప్పను. ఎంతమందికి ఇబ్బంది, ఎంత తొందర అనే రెండు ప్రశ్నలు వేసుకోవడం నేర్పారు. పెద్ద అధికారి కంప్యూటర్ కన్నా కౌంటర్ ముందు క్యూ కట్టిన జనం ముందని చెప్పగలిగే ధైర్యం ఆ రెండు ప్రశ్నల వల్లే వచ్చింది.

కోర్సులో నాకు పెద్ద లోటుగా కనిపించేది భాష. ఫోన్ సంభాషణల సాధన అంతా ఇంగ్లీషులోనే జరిగింది. పలకరింపు, పేరు అడగడం, ఆలస్యానికి క్షమాపణ, ముగింపు, అన్నీ బట్టీ పట్టాం. నాకు వచ్చే ఫోన్లలో ఆ వాక్యాలు ఒక్కటీ పనికి రాలేదు. ఇక్కడ ‘నెట్ లేదు’ అనే ఒక్క మాటకు కనీసం ఆరు అర్థాలున్నాయి: కేబుల్ ఊడింది, చిరునామా రాలేదు, పేరుతో సైటు తెరుచుకోవడం లేదు గానీ లైను ఉంది, తేదీ తప్పుగా ఉంది, ఆ సైటే పనిచేయడం లేదు, పాస్‌వర్డ్ మరిచిపోయారు. మాట్లాడేవారిని నొప్పించకుండా, ఏ అర్థమో బయటికి తెచ్చే ప్రశ్న అడగడమే ఈ ఉద్యోగంలో అసలు పని. అది కోర్సు నేర్పలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి శాఖలకు వెళ్లే వీలు లేకుండా పోయినప్పుడు ఈ లోటు బాగా బాధించింది. జూన్‌లో పాలకొండ వైపు శాఖ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు.

“నెట్ నేదు బాబూ. పొద్దుట్నుంచీ ఏటీ తెరవట్నేదు.”

కేబుల్ చూడమన్నాను, రూటర్ దీపాలు చూడమన్నాను, ఆపి వేయమన్నాను. అరగంట గడిచింది. ఆవిడ గొంతులో తప్పంతా తనదేనన్న భయం వినిపించసాగింది. అప్పుడు గానీ అడగవలసింది అడగలేదు.

“అమ్మా, తెర మీద ఏం కనిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పండి.”

“ఎర్ర ముక్కోణం బాబూ, మధ్యన ఆశ్చర్యార్థకం. కింద ఇంగ్లీషులో ఏదో రాసున్నాది.”

“కుడివైపు కింద మూలన తేదీ ఎంతుందమ్మా?”

కాసేపు మాట లేదు. “రెండు వేల పదమూడు అంతన్నాది బాబూ.”

మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయింది. కరెంటు పోయి వచ్చేసరికి గడియారం వెనక్కి వెళ్లిపోయింది. ఆ పాత తేదీకి సైట్లు అసలువేనని చూపే భద్రతా పత్రాలు ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ తలుపు మూసేసింది. తేదీ మార్చగానే అన్నీ తెరుచుకున్నాయి. బ్యాటరీ సంగతి నాకు ల్యాబ్‌లోనే నేర్పారు, ఆ ముక్కోణం సంగతీ తెలుసు. ‘ఏం కనిపిస్తోంది’ అని మొదటి నిమిషంలోనే అడగాలన్నది మాత్రం ఎవరూ సాధన చేయించలేదు. ఆవిడను అరగంట భయపెట్టినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. శ్రీకాకుళం మాటలో, విజయనగరం మాటలో వచ్చే ఫోన్లను విద్యార్థుల చేత ఎత్తించి, కనీసం నెల రోజులు సాధన చేయించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

తెలుగు ఫైళ్ల గురించి కూడా కోర్సులో ఒక్క తరగతి లేదు. డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్లలో కొట్టించిన ఉత్తరం ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందనో వైరస్ పట్టిందనో కంగారుగా ఫోన్ వస్తుంది. ఫైలుకు ఏమీ కాదు. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చి పెట్టుకున్నవి కాబట్టి, ఆ ఫాంటు లేని చోట కింద ఉన్న అసలు గుర్తులే బయటపడతాయి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో అయితే తెలుగుకు సొంతంగా 128 స్థానాల గది ఉంది. ఈ నాలుగు మాటలు చెప్పి, ఫాంటు వేయడమో యూనికోడ్‌లోకి మార్చడమో చేస్తే పని అయిపోతుంది. తెలుగులో వ్యవహారాలు నడిచే జిల్లాల్లో ఈ పాఠం లేకపోవడం అన్యాయమనిపిస్తుంది.

భద్రత విషయంలో, వినియోగదారుని పాస్‌వర్డ్ ఎన్నడూ అడగవద్దని ఒకసారి చెప్పి వదిలేశారు. సహాయకుల వేషంలో ఫోన్ చేసి, దూరం నుంచే యంత్రాన్ని నడిపించే ఎనీడెస్క్ లాంటివి వేయించి, ఖాతాలు ఖాళీ చేసే మోసాలపై రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరిక ఇచ్చింది. అప్పటికి మా తరగతులు ఇంకా నడుస్తున్నాయి, అయినా ఆ ప్రస్తావన రాలేదు. మేము కూడా దూరం నుంచే కంప్యూటర్‌లోకి ప్రవేశించి పని చేస్తాం కాబట్టి, ఫోన్‌లో ఉన్నది మేమో మోసగాడో సిబ్బంది ఎలా పోల్చుకోవాలో నేర్పడం మా పనిలో భాగం. మా శాఖల్లో ఇప్పుడు సిబ్బంది తామే మా నంబరుకు తిరిగి ఫోన్ చేశాకే కనెక్షన్ ఇవ్వాలన్న నియమం పెట్టాం. మోసపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పమని ప్రతి టేబుల్ దగ్గరా రాసి అంటించాం.

సర్టిఫికెట్ కాగితం చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇంటర్వ్యూలో దాన్ని ఎవరూ అడగలేదు. చూసింది నా లాంగ్ నోట్‌బుక్‌ను. అందుకే, మీ కళాశాలలో ఇలాంటి కోర్సు ఉంటే, ఫీజు కట్టే ముందు గత ఏడాది విద్యార్థులు రాసిన టికెట్ పుస్తకం ఒకటి చూపించమని అడగండి. అందులో నిజమైన మనుషులకు వచ్చిన నిజమైన ఇబ్బందులు, వాటి కింద దిద్దుబాట్లు కనిపిస్తే చేరండి. పుస్తకమే లేదంటే, ఆ 1,200 రూపాయలతో కేబుల్ చివర ప్లగ్ బిగించే ఒక క్రింపింగ్ పనిముట్టు, కొన్ని మీటర్ల కేబుల్, ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని, మీ కళాశాల కార్యాలయంలో ప్రింటర్ ఆగిన రోజున వెళ్లి, చూసిపెడతానని అడగండి.