క్రూజ్‌కి వైన్, సోడాలు ఎన్నైనా పట్టుకెళ్లవచ్చని చెప్పే ఏజెంటుతో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు, ముఖ్యంగా ఈ సెలవుల్లో గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ బుక్ చేసుకున్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. మన వాట్సాప్ గ్రూపుల్లో క్రూజ్ ప్యాకేజీలు అమ్మే పెద్దమనిషి ఎవరో మీకు తెలుసు. ఉగాది సంబరాల్లో బల్ల వేసుకుని కరపత్రాలు పంచేది ఆయనే. పేరు రాయను. నిన్న రాత్రే ఇల్లు చేరాం, సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు రాయకపోతే రేపటికి "పోనీలే" అనిపిస్తుంది, ఆయన ఇంకో కుటుంబానికి ఇదే మాట చెప్తాడు.

బుక్ చేసేటప్పుడే రెండు విషయాలు అడిగాను. మా అత్తయ్యకు నీళ్ల మీద ప్రయాణం పడదు, కడుపులో తిప్పుతుంది, జీరా సోడా తాగితే కాస్త కుదుటపడుతుంది, ఓడలోకి తీసుకెళ్లనిస్తారా అన్నది ఒకటి. మా పెళ్లిరోజు ఆ ప్రయాణంలోనే వస్తుంది కాబట్టి ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ద్రాక్షతోటలో కొని దాచుకున్న రెండు వైన్ సీసాలు తీసుకెళ్లవచ్చా అన్నది రెండోది. దానికి ఆయన వాయిస్ మెసేజ్ పంపాడు. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లండమ్మా, అందరూ పట్టుకెళ్తారు. వైన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టేయండి, చేత్తో మోయడం ఎందుకు? సోడాలు ఏ సీసాలో ఉన్నా పరవాలేదు. ఇన్ని కుటుంబాలను పంపించాను, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు."

ఇందులో ఒక్క మాట కూడా నిజం కాదు.

ఓడరేవులో సెక్యూరిటీ దగ్గర మా గుడ్డ సంచి స్కానర్లోంచి బయటికి రాగానే పక్కకు తీశారు. అక్కడ పనిచేసే అమ్మాయి సంచి విప్పి, ఇండియన్ స్టోర్లో కొన్న గాజు సీసాల సోడాలను ఒక్కొక్కటే తీసి స్టీలు బల్ల మీద వరుసగా పెట్టింది. వాటి పక్కన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు. గాజు సీసా కుదరదు, ప్లాస్టిక్ సీసా కుదరదు, రేకు డబ్బాలైతేనే లోపలికి పంపిస్తామంది. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ఆ పిల్లను ఒక్క మాట అనను. మా అత్తయ్యకు ఇంగ్లీషు అంతగా రాదు. అవి దాచిపెట్టి దిగేటప్పుడు ఇస్తారనుకుని, "రసీదు ఇస్తుందా అమ్మాయ్?" అని నన్ను అడిగింది. రసీదు కాదత్తయ్యా, పారేస్తారు అని నేనే చెప్పాల్సి వచ్చింది. వరుస బయట నిలబడి ఒకటి తాగేసి రావచ్చని ఆ అమ్మాయి అంటే, అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, ఆ ఎండలో గోడకు ఆనుకుని సగం సీసా తాగి మిగతాది తన చేత్తోనే చెత్తడబ్బాలో వేసింది. మిగిలిన సీసాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే వెనక వరుసలో ఉన్నవాళ్లంతా మావైపే చూశారు.

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. సీసాలు తిరిగి వస్తాయని కాదు. సూట్‌కేసులు అప్పటికే పోర్టర్లకు ఇచ్చేశాం, వాటిలో ఉన్న వైన్ సంగతి ఏమిటో, ఏం చేయాలో కనుక్కుందామని. నా జీవితంలో ఒక వ్యాపారి నాతో అంత చులకనగా మాట్లాడటం వినలేదు. "చూడమ్మా, వేల డాలర్లు పెట్టి ఓడ ఎక్కుతూ నాలుగు సోడా సీసాల కోసం ఆదివారం పూట ఫోన్ చేస్తారా? మీ అత్తగారికి లోపల మంచినీళ్లు ఇస్తారులే." మీరే కదా ఏ సీసా అయినా పరవాలేదన్నారు అంటే, "నేను అలా అనలేదు" అన్నాడు. మీ వాయిస్ మెసేజ్ నా దగ్గరుంది, వినిపించమంటారా అన్నాను. "అది మామూలుగా చెప్పిన మాట, దాన్ని పట్టుకుని కూర్చుంటే ఎలా? రూల్సు చదువుకోవడం మీ బాధ్యత" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

రూల్సు చదువుకోవడం నా బాధ్యత అయితే ఏజెంటు ఎందుకు? ఓడ కంపెనీ నుంచి ఆయనకు కమీషన్ ముట్టేది ఏ పనికి? తెలియకపోతే "కనుక్కుని చెప్తానమ్మా" అంటే సరిపోయేది. అదే జీరా సోడా, అదే థమ్సప్, అదే లిమ్కా మన స్టోర్లలో డబ్బాల్లో కూడా దొరుకుతాయి. గాజు సీసాలు వద్దు, డబ్బాలు కొనండి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే మా అత్తయ్యకు ఆ చెత్తడబ్బా దగ్గర నిలబడే పని ఉండేది కాదు. నా కోపమంతా ఇక్కడే ఉంది. పోయింది డబ్బు కాదు. అడిగి మరీ తెలుసుకున్న మనిషిని తప్పుదారి పట్టించి, పైగా ఆ మనిషినే చదువుకోలేదని నిందించడం.

సూట్‌కేసు కథ సాయంత్రం తెలిసింది. అందరి సామాను గదుల ముందుకు చేరింది, మాది ఒకటి రాలేదు. ఆ పెట్టెలోనే అత్తయ్య చీరలు, మావయ్య స్వెట్టరు ఉన్నాయి. తలుపు దగ్గర ఒక చీటీ పెట్టి ఉంది, కింది అంతస్తులో సెక్యూరిటీ గదికి రమ్మని. అక్కడ మాలాంటివాళ్లు పెద్ద వరుసలో ఉన్నారు, ఇస్త్రీపెట్టె తెచ్చినవాళ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చినవాళ్లు, మందుసీసాలు తెచ్చినవాళ్లు. పెట్టె మా చేతే తెరిపించి రెండు వైన్ సీసాలూ తీసుకున్నారు. అసలు బాధ ఏమిటంటే, ఆ రెండు సీసాలకూ అనుమతి ఉంది! 21 ఏళ్లు నిండిన ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి తెచ్చుకోవచ్చు. మేం ఇద్దరం, సీసాలు రెండు. కానీ ఎక్కే రోజున, చేతి సామానులో, సీలు తీయకుండా తేవాలి. సూట్‌కేసులో దొరికితే తీసుకుని పారేస్తారు, పరిహారం ఉండదు. "చేత్తో మోయడం ఎందుకు" అన్న ఆయన సలహా వల్లే న్యాయంగా మాకు దక్కాల్సిన సీసాలు పోయాయి. భోజనం వేళ దాటిపోయింది. పెళ్లిరోజు నాడు మా ఆయన మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు నేను తెలుసుకున్నవి చెప్తాను. ఏ కంపెనీ ఓడలో వెళ్లామో ఇక్కడ అనవసరం, ఓడవాళ్లు తమ నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. కానీ ఈ నిబంధనలు అందరికీ ఒకటే కావు, అక్కడే మనవాళ్లు బోల్తా పడుతున్నారు. కార్నివాల్‌లో 21 నిండినవాళ్లకు తలా ఒక వైన్ లేదా షాంపేన్ సీసా, కూల్‌డ్రింకులైతే మనిషికి 12 డబ్బాలు. రాయల్ కరీబియన్‌లో ఆ 12 మనిషికి కాదు, గదికి. గదిలో నలుగురున్నా అంతే. నార్వేజియన్ దగ్గర వైన్ తేవచ్చు కానీ 750 మిల్లీలీటర్ల సీసాకు 15 డాలర్ల కార్కేజ్, అంటే బయటి సీసా తెచ్చినందుకు రుసుము, ఎక్కేటప్పుడే కట్టాలి, గదిలో తాగినా సరే. సోడాలు, నీళ్లు అసలు తేనివ్వరు. ఎంఎస్‌సీలో తాగేవి ఏవీ తేకూడదు. డిస్నీలో వీళ్లందరికంటే ఉదారం, పెద్దవాళ్లకు తలా రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, అదీ ప్రతి రేవులోనూ. విస్కీ, వోడ్కా లాంటివి మాత్రం వీటిలో ఎక్కడా తేనివ్వరు. నార్వేజియన్‌లో వెళ్లిన మిత్రుడి అనుభవం విని కార్నివాల్‌కు సర్దుకుంటే, లేదా అటుది ఇటు చేస్తే, మా గతే పడుతుంది. ఈ లెక్కలు కూడా మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే వారం కంపెనీ వెబ్‌సైటులో మళ్లీ చూసుకోండి.

డబ్బాలకు ఒప్పుకుని సీసాలకు ఎందుకు ఒప్పుకోరని మావయ్య పదేపదే అడిగారు. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో వోడ్కా నింపి మళ్లీ మూత బిగించి తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కో సీసా పరీక్షించాలంటే వరుస కదలదు. 2015 జులైలో కార్నివాల్ సీసాలను ఆపేసి డబ్బాలకే పరిమితం చేసింది ఇందుకే. డబ్బా ఒకసారి తెరిస్తే మళ్లీ మూయలేరు కదా. అదే నెలలో నార్వేజియన్ బయటి సోడాలను, నీళ్లను పూర్తిగా మానిపించింది. కారణం అర్థమయ్యాక మావయ్య శాంతించారు. ఇంత చిన్న సంగతి, పదేళ్లుగా ఉన్న నిబంధన, క్రూజ్‌లు అమ్మి బతికే మనిషికి తెలియదంటే నేను నమ్మను. తెలుసు. చెప్తే "అయితే వద్దులెండి" అంటామేమోనని చెప్పలేదు.

ప్యాకేజీ విషయంలోనూ ఇంతే. వైన్ పోయింది కదా, మా ఆయన ఒక్కరికే, రోజుకు ఇంతని ముందే కట్టేసే డ్రింక్స్ ప్యాకేజీ తీసుకుందామని కౌంటరుకు వెళ్లాం. ఓడ ఎక్కాక ఒక్కరికే తీసుకోవచ్చని ఈ పెద్దమనిషే చెప్పాడు. మద్యం ప్యాకేజీ అయితే ఒకే గదిలో ఉన్న పెద్దవాళ్లందరూ కొనాలట. కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి పెద్ద కంపెనీల్లో ఇదే పద్ధతి. నేను తాగేది ఏడాదికి ఒకటో రెండో గ్లాసులు, నాకూ రోజుకు అంత పోసి కొనాలా? పైగా ధర మీద 18 నుంచి 20 శాతం టిప్పు విడిగా కలుపుతారు. వద్దని వచ్చేశాం. తల్లిదండ్రులతో ఒకే గదిలో సర్దుకునేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మద్యం ముట్టని మీ నాన్నగారికి కూడా ప్యాకేజీ కట్టించాల్సి వస్తుంది. సోడాలకు మాత్రమే ఉండే చిన్న ప్యాకేజీ ఒకటి వేరే ఉంది, దాన్ని ఎవరికి కావాలంటే వాళ్లకే తీసుకోవచ్చా అని ముందే అడగండి. మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం టిక్కెట్టులోనే వస్తాయి. అత్తయ్యకు కడుపులో తిప్పినప్పుడు అల్లం సోడా డబ్బాలు బార్‌లో కొన్నాం, ఒక్కోటి మూడు డాలర్లకు పైనే. రిసెప్షన్ అమ్మాయి పచ్చని ఆపిల్ ముక్కలు తినమని చెప్పింది, వాటితోనే ఆవిడకు కాస్త నయమనిపించింది.

దిగేటప్పుడు ఇంకొకటి. మధ్యలో ఆగే మెక్సికో రేవు కొజుమెల్‌లో కొన్న మద్యం సీసాలను ఓడ ఎక్కేటప్పుడు తీసుకుని చివర్లో ఇస్తారు, అవి పోవు, భయపడకండి. కానీ గాల్వెస్టన్‌లో దిగగానే టెక్సాస్ రాష్ట్రం వాళ్లు ప్రతి మద్యం సీసాకూ పన్ను, దానికి తోడు రుసుము వసూలు చేస్తారు. కస్టమ్స్ లెక్కలో ఒక లీటరుకు మినహాయింపు ఉందని వాదించినా లాభం లేదు, అది కేంద్రానిది, ఇది రాష్ట్రానిది. ఇదీ మాకెవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక గ్రూపులో మర్యాదగా ఒక ప్రశ్న పెట్టాను, గాజు సీసాలు తీసుకెళ్లవచ్చని మాకు చెప్పారు, మిగతావాళ్లకూ అలాగే చెప్పారా అని. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశాడు. నా ప్రశ్నను కూడా తుడిచేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మనవాడు, మన భాషవాడు, అత్తయ్యను "పిన్నిగారూ" అని పిలిచినవాడు అని నమ్మాం. కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. టెక్సాస్‌లో అలాంటిది లేదు, ఎవరైనా ఒక ఫోను పట్టుకుని ఏజెంటునని చెప్పుకోవచ్చు.

ఆయన దగ్గర ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఒక పని చేయండి. బుకింగ్ నంబరు పట్టుకుని నేరుగా ఓడ కంపెనీకి ఫోన్ చేసి, మీ పేర్లు, గదులు, మీకు చెప్పిన ప్రతి సౌకర్యం నిజంగా నమోదై ఉందో లేదో సరిచూసుకోండి. ఏజెంటు ఏ మాట చెప్పినా ఈమెయిల్లో రాసి పంపమనండి. మీ కంపెనీ తేనిస్తే వైన్ చేతి సంచిలో పెట్టుకోండి, సోడాలు డబ్బాల్లో కొనండి. నిద్రలో శ్వాస యంత్రం వాడే పెద్దవాళ్లుంటే దానికి కావాల్సిన డిస్టిల్డ్ వాటర్ గురించి కంపెనీకి ముందే చెప్పండి, వైద్య అవసరమంటే దానికి దారి చూపిస్తారు. ఆ వాయిస్ మెసేజ్ వినాలనుకునేవాళ్లు నాకు విడిగా సందేశం పెట్టండి, పంపిస్తాను. ఇలాగే మోసపోయినవాళ్లుంటే మీకు ఆయన చెప్పిన మాట ఏమిటో, ఏ తేదీన చెప్పాడో కింద రాయండి. నలుగురి మాటలూ ఒకచోట చేరితే, వచ్చే ఉగాదికి ఆయనకు బల్ల ఇచ్చే ముందు సంఘంవాళ్లకు చూపిద్దాం.