జిర్కోనియం సిలికాన్ సల్ఫైడ్ క్రిస్టల్ కొన్నాం: సరుకు సూపర్, సర్వీస్ యావరేజ్

ల్యాబ్ కోసం జెడ్‌ఆర్‌ఎస్‌ఐఎస్ (అదే జిర్కోనియం సిలికాన్ సల్ఫైడ్, ZrSiS) సింగిల్ క్రిస్టల్స్, అంటే లోపలి అమరిక అంతా ఒకే తీరున సాగే స్ఫటికాలు, రెండు ముక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించాం, షాపు పేరు చెప్పను. బిల్లు చూసి మా సార్ "ఇంతకి బంగారం వచ్చేది కదమ్మా" అన్నారు. నిజమే, బియ్యం గింజంత ముక్క, అద్దం పెంకులా మెరుస్తుంది అంతే.

ముందు ఇదే కోవలోని క్యాడ్మియం ఆర్సెనైడ్ అనుకున్నాం, డిరాక్ సెమీమెటల్‌గా (ఎలక్ట్రాన్లు బరువు లేనట్టు కదిలే పదార్థం) పేరున్న సరుకు, కానీ ఆర్సెనిక్ అంటే సేఫ్టీ వాళ్లతో తలనొప్పి, సోడియం బిస్మథైడ్ అయితే గాలి తగిలితే చాలు పాడైపోతుంది. జెడ్‌ఆర్‌ఎస్‌ఐఎస్‌ని బల్ల మీద వదిలేసినా ఏం కాదు, టేప్ అంటించి లాగితే సల్ఫర్ పొరల మధ్య నీట్‌గా విడిపోతుంది.

అసలు డబ్బులు పెట్టింది దీని సిమెట్రీకి, 129వ స్పేస్ గ్రూప్ (స్ఫటికాలని సిమెట్రీ బట్టి విడగొట్టిన లిస్టులో 129వ రకం). లోపల సిలికాన్ పరమాణువులు చదరపు వలలా పరుచుకుని ఉంటాయి, ఆ వలనే అద్దం అనుకుని పైనున్న జిర్కోనియంని కిందికి దించితే కింది జిర్కోనియం పరమాణువు మీద పడదు, సెల్‌లో (అమరికలో పదే పదే వచ్చే చిన్న గడి) ఐమూలగా సగం దూరం జరిపితేనే పడుతుంది. తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే అచ్చులు పడతాయే, కుడి ఎడమ కుడి ఎడమ, అదే గ్లైడ్. ఈ సగం జరుపుడు వల్లే బ్రిలువాన్ జోన్ (ఎలక్ట్రాన్ మొమెంటమ్‌ల మ్యాప్) అంచున ఎక్స్ అనే పాయింట్ దగ్గర బ్యాండ్లు (ఎలక్ట్రాన్లకి దొరికే ఎనర్జీ వరసలు) అతుక్కునే ఉండాలి, ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కదలికకీ ఉన్న లంకె, అంటే స్పిన్ ఆర్బిట్ కప్లింగ్ కూడా విడదీయలేదు.

షాపు వాళ్ల షీట్‌లో మాత్రం "పూర్తిగా ప్రొటెక్టెడ్ డిరాక్ సెమీమెటల్" అని ఉంది, అంటే బ్యాండ్లు కలిసే చోటుని సిమెట్రీ ఎక్కడా విడిపోనివ్వదని, అది ఓవర్. ఫెర్మీ లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండిన పై మట్టం) దగ్గరున్నది నోడల్ లైన్, అంటే బ్యాండ్లు ఒక గీత పొడవునా కలిసే చోటు, దానికి స్పిన్ ఆర్బిట్ వల్ల సన్న గ్యాప్ పడుతుంది, గ్లైడ్ కాపలా కాసే క్రాసింగేమో బాగా కిందుంది, కరెంటు మోసే ఎలక్ట్రాన్లకి దాంతో పనే లేదు. గట్టి కాపలా అంతా ఖాళీ ఇంటికే అన్నమాట 😄 అయినా 2016లో రీసెర్చర్ లెస్లీ షూప్ వాళ్లు చూపించినట్టు లీనియర్ (తిన్నటి గీతల్లాంటి) బ్యాండ్లు 2 ఎలక్ట్రాన్ వోల్టుల (ఎనర్జీ కొలత) దాకా సాగుతాయి కాబట్టి శాంపిల్‌లో ఫెర్మీ లెవెల్ కాస్త అటూ ఇటూ అయినా కంగారు అక్కర్లేదు, నాకు ఇదే బాగా నచ్చింది.

ఇక సర్వీస్. ఒక ముక్కకి లావే (క్రిస్టల్ అమరికని చుక్కలుగా చూపే ఎక్స్‌రే ఫోటో) తీస్తే చుక్కలన్నీ డబుల్, రెండు క్రిస్టల్స్ అతుక్కుని పెరిగాయి. మెయిల్ పెడితే మూడు వారాలకి రిప్లై, మార్చి పంపారు లెండి. సరుకుకి 4.5, సర్వీస్‌కి 2. కొనేవాళ్లు డబ్బు కట్టే ముందే లావే ఫోటో అడగండి, రెండు జోన్ల ఫర్నేస్ (రెండు చివరలా వేర్వేరు వేడి పెట్టగల కొలిమి) ఉంటే మాత్రం కొనొద్దు, అయోడిన్ వేసి (పదార్థాన్ని ఆవిరిగా మోసుకెళ్లేది అదే) మీరే పెంచుకోండి.