కిరిటో–అసునా, నరుటో–హినాటా: ఏ ప్రేమకథ మేలు?

యానిమే (జపాన్ యానిమేషన్) చూసేవారి మధ్య కిరిటో పేరు వస్తే మాట రెండుగా చీలిపోతుంది. అతను కథానాయకుడిగా 2012 జూలైలో మొదలైన, వేలమంది ఒక కంప్యూటర్ ఆట లోపల చిక్కుకుపోయే కథ ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ను చూసి యానిమేను ఇష్టపడటం మొదలుపెట్టినవారు ఉన్నారు, ఆ కథానాయకుణ్ణి, అదే ఆటలో చిక్కుకున్న అసునాతో అతని ప్రేమను సహించలేక మధ్యలోనే మానేసినవారూ ఉన్నారు. ఈ రెండో వర్గం వారు తమ అభిప్రాయానికి బలంగా తరచు ‘నరుటో’ అనే నింజా కథలోని నరుటో–హినాటాలను చూపిస్తారు. చిన్ననాటి నుంచి ఓపికగా పెరిగిన ప్రేమ ఒకవైపు, కొన్ని ఎపిసోడ్లలోనే పెళ్లి దాకా వెళ్లిన ప్రేమ మరొకవైపు అన్నది వారి వాదన. నేను రెండు కథలనూ పూర్తిగా చూశాను. నాయకుడిగా నరుటో మేలు, ప్రేమకథగా మాత్రం కిరిటో–అసునాలదే మేలు అన్నది నా తీర్పు.

ముందుగా కిరిటో మీద ఉన్న అయిష్టంలోని న్యాయాన్ని ఒప్పుకోవాలి. నాలుగో ఎపిసోడ్‌లో దోపిడీ ముఠా ఒకటి అతన్ని చుట్టుముట్టి ఎడాపెడా నరుకుతుంది. వాళ్లందరూ కలిసి పది సెకన్లలో తగ్గించే ప్రాణశక్తి 400 పాయింట్లయితే, అతనికి అదే వ్యవధిలో తనంతట తానే తిరిగి చేరేది 600 పాయింట్లు. అతను కత్తి కూడా దూయకుండా నిలబడి ఈ లెక్క చెబుతాడు. ఓడిపోయే వీలు లేనివాడి పోరాటంలో చూసేవాడికి ఆత్రుత ఎక్కడి నుంచి వస్తుంది? దానికి తోడు, ప్రాణశక్తి సున్నా అయితే నిజంగానే మరణం అన్న నియమం మీద కథంతా నిలబడి ఉండగా, పద్నాలుగో ఎపిసోడ్‌లో కిరిటో ఆ సున్నాను దాటి కూడా కేవలం సంకల్పబలంతో చివరి వేటు వేస్తాడు. మరో పక్క నరుటో ప్రతి మెట్టూ పడి లేచి ఎక్కినవాడు. అతని ఓటములను మనం లెక్కపెట్టగలం. ఇక్కడ పోలికే అనవసరం.

అయితే నాయకుడి బలం మీద ఉన్న ఫిర్యాదునే తెచ్చి అతని ప్రేమ మీద కూడా మోపడం సరికాదు. ప్రేమ తొందరపడిందన్న ఆరోపణకు వేరే కారణం ఉంది, అది ఈ రచన పుట్టిన తీరులోనే ఉంది. రచయిత రెకి కవహరా దీన్ని ఒక నవలల పోటీ కోసం రాశాడు. పుటల పరిమితి దాటిపోవడంతో పోటీకి పంపకుండా 2002లో తన వెబ్‌సైట్‌లో పెట్టుకున్నాడు. అది అచ్చు పుస్తకంగా వచ్చింది 2009లో. అందుకే తొలి సంపుటం పదివేల మంది ఆటలో చిక్కుకుపోయిన మొదటి రోజును చూపించి, ఆ తర్వాత దాదాపు రెండేళ్లు దాటేసి నేరుగా ఆ ఆటలోని అంతస్తుల కోటలో 74వ అంతస్తు దగ్గర తెరుచుకుంటుంది. కిరిటోకు దారిలో కలిసే సిలికా, లిజ్‌బెత్, సాచీ అనే అమ్మాయిల కథలు రెండో సంపుటంలో వెనక్కు వెళ్లి చెప్పినవి. యానిమే వాటిని కాలక్రమంలోకి సర్దినప్పుడు, అసునా కంటే ముందు వరుసగా ఇతర అమ్మాయిలు కిరిటోకు దగ్గరవుతున్నట్టు, అసునా మాత్రం ఉన్నట్టుండి భార్య అయిపోయినట్టు కనిపించింది. రెండో ఎపిసోడ్‌లో కలిసినవారు పదో ఎపిసోడ్‌లో పెళ్లి మాట ఎత్తుతారు. మధ్యలో గడిచిన రెండేళ్లూ వాళ్లకు తెలుసు, మనకు తెలియవు. విసుగు అక్కడే పుడుతుంది.

అంతమాత్రాన ఆ మధ్యలో ఏమీ లేదని అనలేము. నాకు ఈ జంట మీద నమ్మకం కుదిరింది ఐదు, ఆరు ఎపిసోడ్లలో, ప్రేమ అన్న మాట వాళ్లింకా పలకనప్పుడు. ఆటలో పెళ్లి చేసుకుంటే ఇద్దరి సామాను ఒకే ఖాతాలో కలిసిపోతుంది. గ్రిసెల్డా అనే స్త్రీ హత్య రహస్యాన్ని ఛేదిస్తూ వీరిద్దరూ ఆ నియమం ఆధారంగానే ఆమె భర్త గ్రిమ్‌లాక్‌ను పట్టుకుంటారు. ఆటలోకి వచ్చాక తన భార్య తాను ఎరిగిన మనిషిగా మిగలలేదన్న బాధతో ఆమెను చంపించానని అతడు చెప్పుకుంటాడు. అది ప్రేమ కాదు, సొంతం చేసుకోవాలన్న ఆశ మాత్రమేనని అసునా అతని ముఖం మీదే అంటుంది. ఆ తర్వాత కిరిటో, అసునాల మధ్య, పెళ్లయ్యాక తోడులో తెలియని మరో కోణం కనబడితే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. అదృష్టమనుకుంటానని, అప్పటికే తెలిసిన కోణాన్ని ప్రేమించాను గనక కొత్తదాన్నీ ప్రేమించవచ్చుగా అని సమాధానం. ఎనిమిదో ఎపిసోడ్‌లో కిరిటో తెచ్చిన అరుదైన కుందేలు మాంసాన్ని ఆమె తన ఇంట్లో వండిపెట్టడం, 22వ అంతస్తులో రెండు వారాల కాపురం, చెరువులో చేపలు పట్టడం, యూయి అనే పాపను కూతురిగా చేసుకోవడం చూస్తే ఆ సమాధానం ఉత్తి మాట కాదని తెలుస్తుంది. కలిసి బతకడం అంటే ఏమిటో తెర మీద ఇంత శ్రద్ధగా చూపిన పోరాట కథలు నేను ఎక్కువగా చూడలేదు.

నరుటో–హినాటాల విషయంలో లోటు సరిగ్గా అక్కడే ఉంది. హినాటా ప్రేమలో నాకు ఏ అనుమానమూ లేదు. పెయిన్ అనే శత్రువు ఎదుట నరుటో నేలకు గుచ్చబడి ఉన్నప్పుడు, గెలవలేనని తెలిసి కూడా అడ్డం నిలిచి ఆమె తన మనసు చెప్పే ఘట్టం ఆ మాంగా (జపాన్ బొమ్మల కథ) మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించిన వాటిలో ఒకటి. కానీ ఆ మాటకు నరుటో జవాబేమిటి? ఆమె చనిపోయిందనుకుని క్రోధంతో అదుపు తప్పుతాడు, బతికి ఉందని తెలిసి ఊరట చెందుతాడు, అంతే. యుద్ధంలో హినాటా బంధువు నేజీ మరణం తర్వాత ఆమె అతన్ని చెంపదెబ్బ కొట్టి నిలబెట్టి చేయి పట్టుకునే దృశ్యం ఉన్నా, అతని మనసులో ఆమెకున్న చోటు ఏమిటో మాత్రం మనకు అందదు. 1999లో మొదలైన మాంగా 2014 నవంబరు 10న 700వ అధ్యాయంతో ముగిసినప్పుడు వారిద్దరూ దంపతులు, ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు. ఎలా అయ్యారన్నది డిసెంబరు 6న విడుదలైన సినిమా చెప్పవలసి వచ్చింది. తన జట్టులోని సకురాను నరుటో ఇష్టపడింది తన పోటీదారు సాసుకేకు తీసిపోకూడదన్న పంతంతోనే అని ఆ సినిమాలో సకురా చేతనే అనిపించారు. పదిహేనేళ్లు పాఠకుడు చూసిన భావాన్ని ఒక్క వాక్యంతో తుడిచేయడం నాకు నచ్చలేదు. ఇక్కడ ప్రేమ నెమ్మదిగా పెరిగిందనడం కంటే, ఒకవైపే పెరిగిందనడం నిజానికి దగ్గర.

ఒక విషయంలో మాత్రం హినాటా కథకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండు కథల్లోనూ కథానాయికను మరొకడు బలవంతంగా పెళ్లాడబోతాడు. హినాటా ఆ సినిమాలోని ప్రతినాయకుడు టోనెరి వెంట వెళ్లేది తన చెల్లెలి కోసం, అతని శక్తికి మూలమైనదాన్ని ధ్వంసం చేయాలన్న సొంత నిర్ణయంతో. పట్టుబడినా, ఆ అడుగు ఆమెదే. అసునా సంగతి అలా కాదు. ఆటలోని కోట ఐన్‌క్రాడ్‌లో మెరుపువేగపు కత్తిగా పేరుపడ్డ మనిషిని పదిహేనో ఎపిసోడ్ నుంచి సుగో నొబుయుకి అనే ప్రతినాయకుడి పంజరంలో కూర్చోబెట్టారు. ఆమె ఒకసారి తప్పించుకోబోయి పట్టుబడుతుంది. చివరికి ఆమె మీద జరిగే దౌర్జన్యాన్ని కిరిటో నిస్సహాయత చూపడానికి సాధనంగా వాడుకున్నారు. ఆమె విడుదల కూడా మొదటి ఆట సృష్టికర్త కాయాబా ఇచ్చిన అధికారాలతోనే జరుగుతుంది. ఆ ఇరవైనాలుగో ఎపిసోడ్‌ను నేను ఎవరి ముందూ సమర్థించను; దాన్ని చూసి ఈ జంటకు దూరమైనవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అయినా నా తీర్పు మారకపోవడానికి కారణం, ఆ లోపం అక్కడితో మిగిలిపోకపోవడమే. 2012 నుంచి కవహరా ‘ప్రోగ్రెసివ్’ పేరుతో అంతస్తు తర్వాత అంతస్తుగా ఆ దాటేసిన కాలాన్ని తిరిగి రాయడం మొదలుపెట్టాడు. దాని మీద ఆధారపడి 2021లో వచ్చిన సినిమా అసునా కళ్లతో నడుస్తుంది. అంతకు ముందే, 2014లో ప్రసారమైన రెండో సీజన్ చివరి భాగం పూర్తిగా అసునాది. యూకీ అనే అమ్మాయితో ఆమె స్నేహం, తల్లితో ఆమె పేచీ, ఆటలోని పెద్ద శత్రువు బాస్‌ను ఓడించాలన్న ఆ చిన్న బృందం పట్టుదల మధ్య కిరిటో కనిపించేది కాసేపే. దారిని మూసేయడానికి వస్తున్న పెద్ద గుంపును స్నేహితుడు క్లెయిన్‌తో కలిసి అతను అడ్డుకుంటాడు. అంతమందిని ఎదిరించగల అతని బలం మొదటిసారి నాకు కంటగింపుగా అనిపించలేదు. లోపల అసునా తన పోరాటం తాను చేసుకునేందుకు అతను బయట కాపలా ఉన్నాడు.